కాంటాక్ట్ లెన్స్ వాడుతూ కంటికి ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం ఎలా?

"రోజూ లెన్స్ కడుగుతూనే ఉన్నానండీ, అయినా కన్ను ఎర్రబడుతోంది. ఎందుకు?" లెన్స్ వాడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను వాళ్లను తిరిగి అడిగేది కూడా ఒకటే: దేంతో కడుగుతున్నారు? చాలామంది లెన్స్‌ను సొల్యూషన్‌తోనే, అంటే లెన్స్ శుభ్రం చేసే ద్రవంతోనే కడుగుతారు. కానీ లెన్స్ దాచే డబ్బాను, అంటే కేసును, కుళాయి కింద పెట్టి కడుగుతారు. లేదా తడి చేతులతో లెన్స్ పట్టుకుంటారు. లేదా లెన్స్ ఉండగానే స్నానం చేస్తారు.

కడగడమంటే నీళ్లు పోయడమేనని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. చేతులు, గిన్నెలు, పండ్లు, ఏవైనా నీళ్లు తగిలితే శుభ్రమైనట్టే లెక్క. లెన్స్ దగ్గర మాత్రం ఆ లెక్క చెల్లదు. ఇక్కడ నీళ్లే మురికి. ఈ ఒక్క మాట మనసులో నాటుకుంటే కింద రాసిన వాటిలో సగం మీకు మీరే ఊహించుకోగలరు.

కారణం రెండు ముక్కల్లో చెబుతాను. కుళాయి నీళ్లలో, ట్యాంకుల్లో, ఈత కొలనుల్లో, చెరువుల్లో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. అది తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది కాబట్టి నీళ్లలో కలిపే క్లోరిన్‌కు సులువుగా చావదు. ఆ నీళ్లు తాగితే మనకేమీ కాదు. అదే జీవి లెన్స్‌ను అంటుకుని నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా లోపలికి దిగితే చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇక సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు తడిగా ఉండే లెన్స్ కేసులు, సింకులు ఇష్టమైన చోట్లు. అది కార్నియా మీద ఒకటి రెండు రోజుల్లోనే పుండు చేయగలదు. మెత్తటి లెన్స్‌కు నీళ్లు తగిలితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అది ఉబ్బి, ఆకారం మారి, కంటికి బిగుసుకుపోతుంది. అప్పుడు కార్నియా మీద కంటికి కనిపించనంత చిన్న గీతలు పడతాయి. క్రిములకు దారి అక్కడే దొరుకుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మామూలు సబ్బు. సువాసన, నూనె, మాయిశ్చరైజర్ కలిపినది వద్దు. అది వేళ్ల మీద పొరలా మిగిలి లెన్స్‌కు అంటుకుంటుంది.
- నూగు రాలని శుభ్రమైన టవల్ లేదా పేపర్ టవల్. ఇంట్లో అందరూ తుడుచుకునే టవల్ పనికిరాదు.
- మీ లెన్స్‌కు సరిపోతుందని కంటి డాక్టర్ చెప్పిన సొల్యూషన్.
- లెన్స్ కేసులు రెండు. ఒకటి వాడకానికి, ఒకటి మార్చుకోవడానికి.
- చెరగని మార్కర్ పెన్ను. దేనికో కింద చెబుతాను.
- ప్రస్తుత పవర్‌తో ఉన్న కళ్లద్దాలు.

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కన్ను ఎర్రబడినా లెన్స్ తీయకుండా తిరిగేవాళ్లలో చాలామందికి లెన్స్ మీద మోజేమీ ఉండదు. తీస్తే కనిపించదు, అద్దాలేమో మూడేళ్ల కిందటివి, పవర్ మారిపోయింది, అంతే. సరైన అద్దాలు సంచిలో ఉంటే లెన్స్ తీసేయడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించరు. కొత్త లెన్స్ కొనేముందు కొత్త అద్దాలు చేయించుకోండి.

ఉదయం, పెట్టుకునేటప్పుడు

1. స్నానం, ముఖం కడుక్కోవడం ముందే ముగించండి. లెన్స్ ఆ తర్వాతే.

2. చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగండి. వేళ్ల కొసలు, గోళ్ల కింద భాగం మరచిపోవద్దు. గోళ్లు పొట్టిగా ఉంటే లెన్స్ చిరగదు, కంటికి గీసుకోదు, మురికీ దాగదు. తర్వాత చేతులు పూర్తిగా ఆరబెట్టండి. ఎంతో శ్రద్ధగా చేతులు కడిగి తడి వేళ్లతోనే లెన్స్ పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ తడి కుళాయి నీళ్లే కదా. వేళ్ల మధ్య కూడా తుడిచాకే కేసు మూత తీయండి.

   శానిటైజర్ దీనికి బదులు కాదు. అది మురికిని, జిడ్డును తీయలేదు. వేళ్ల మీద కొంచెం మిగిలినా కన్ను భగ్గుమంటుంది.

3. లెన్స్ పెట్టుకునే ముందు అద్దంలో కన్ను చూడండి. ఎరుపు, పుసులు, రెప్ప వాపు, నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు లెన్స్ మాటే వద్దు.

4. రోజూ ఒకే కంటితో మొదలుపెట్టండి. కుడి అనుకుంటే ఎప్పుడూ కుడే. అప్పుడు రెండు లెన్సులూ తారుమారు కావు.

5. లెన్స్‌ను అరచేతిలో వేసుకుని కొత్త సొల్యూషన్‌తో ఒకసారి కడగండి. అంచు చిరిగిందేమో చూడండి. చిన్న చిరుగున్నా పారేయడమే. తర్వాత చూపుడు వేలి కొస మీద నిలబెట్టి పక్క నుంచి గమనించండి. గుండ్రని గిన్నెలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అంచులు పళ్లెం అంచులా బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు.

6. కంట్లో పెట్టుకుని రెండు మూడుసార్లు రెప్ప వేయండి. గుచ్చుకుంటే తీసి, సొల్యూషన్‌తో కడిగి మళ్లీ పెట్టండి. అప్పటికీ గుచ్చుకుంటే ఆ రోజుకు అద్దాలే. "కాసేపటికి సర్దుకుంటుందిలే" అనుకోవద్దు.

7. ఇప్పుడు కేసు పని చూడాలి. లోపలున్న పాత సొల్యూషన్ మొత్తం పారబోయండి. కొత్త సొల్యూషన్‌తో కడిగి, శుభ్రమైన వేలితో లోపలి గోడలు రుద్దండి. శుభ్రమైన టిష్యూతో తుడిచి, ఇంకో టిష్యూ మీద కేసునూ మూతలనూ బోర్లించి ఆరనివ్వండి. బాత్రూంలో మాత్రం వద్దు. అక్కడి తేమలో, ఫ్లష్ చేసినప్పుడు లేచే తుంపరలో కేసు శుభ్రంగా ఉండదు.

8. కాటుక, మస్కారా, పౌడర్ లాంటివి లెన్స్ పెట్టుకున్నాకే. రెప్ప లోపలి తడి అంచు మీద కాటుక దిద్దితే అది నేరుగా లెన్స్ కిందికే పోతుంది. వెంట్రుకల బయటి వైపు వరకే ఉంచండి. మస్కారాను మూడు నెలలకోసారి మార్చండి. హెయిర్ స్ప్రే వాడేవాళ్లు మాత్రం ఆ పని లెన్స్‌కు ముందే పూర్తి చేసుకోవాలి.

ఏడో అంచెను వదిలేసేవాళ్లే ఎక్కువ. లెన్స్ నెలకోసారి మారుతుంది, సొల్యూషన్ రోజూ మారుతుంది, కేసు మాత్రం ఏళ్లకు ఏళ్లు అదే! కేసు గోడలకు క్రిములు కంటికి కనిపించని జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. సొల్యూషన్ ఆ పొరలోకి సరిగ్గా చొరబడలేదు. రుద్దితేనే అది చెదురుతుంది, ఆరితేనే క్రిములు నశిస్తాయి. అందుకే నా సలహా: లెన్స్ మీద పెట్టే శ్రద్ధ కంటే ఒక పిసరు ఎక్కువే కేసు మీద పెట్టండి. కేసును మూడు నెలలకు మించి వాడొద్దు.

పగటిపూట

లెన్స్‌తో ఈత కొట్టకండి. తప్పదనుకుంటే రోజూ పారేసే రకం లెన్స్ పెట్టుకుని, దానిమీద నీళ్లు చొరబడని గాగుల్స్ వేసుకోండి. నీళ్లలోంచి రాగానే ఆ లెన్స్ తీసి పారేయండి. పవర్ ఉన్న ఈత గాగుల్స్ కూడా దొరుకుతాయి. అవే నయం.

పొరపాటున కంట్లో నీళ్లు చిందాయా? కంగారు వద్దు. చేతులు కడిగి ఆరబెట్టుకుని లెన్స్ తీయండి. రోజువారీ లెన్స్ అయితే పారేయండి. నెలవారీదైతే రుద్ది కడిగి రాత్రంతా సొల్యూషన్‌లో ఉంచాకే మళ్లీ వాడండి.

లెన్స్ కింద పడితే కూడా ఇంతే. నోట్లో పెట్టుకుని తడి చేసి కంట్లో వేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నోటి నిండా బ్యాక్టీరియా ఉంటుంది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

కన్ను పొడిబారితే లెన్స్ మీద వాడదగినవని లేబుల్‌పై రాసి ఉన్న చుక్కలే వేయండి. ఎరుపు తగ్గించే చుక్కలు లెన్స్ ఉండగా వాడితే ఎరుపు కనబడదు కానీ జబ్బు లోపల అలాగే ఉంటుంది. మీకు హెచ్చరిక వినిపించకుండా పోతుంది, అంతే.

నిద్ర గురించి విడిగా

లెన్స్‌తో నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ ప్రమాదం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది. రెప్ప మూసుకుంటే కార్నియాకు గాలి అందడం తగ్గుతుంది. రెప్పపాటు ఉండదు కాబట్టి కన్నీళ్లు కడిగే పని కూడా ఆగిపోతుంది. మధ్యాహ్నం కునుకు కూడా నిద్రే. బస్సులో, రైల్లో వచ్చే కునుకూ అంతే. ప్రయాణంలో అద్దాలు పెట్టుకోవడం అందుకే మంచిది. రాత్రి కూడా వాడొచ్చని అమ్మే లెన్సులున్నాయి. వాటితోనూ ప్రమాదం పగటి వాడకం కంటే ఎక్కువే. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు.

పొరపాటున నిద్రపోతే, లేవగానే లాగేయకండి. లెన్స్ కంటికి అతుక్కుని ఉంటుంది. తడినిచ్చే చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు రెప్పలు ఆడించండి. లెన్స్ కదులుతోందని తెలిశాక మెల్లగా తీయండి. ఆ రోజంతా అద్దాలు పెట్టుకుని కన్నును గమనించండి.

రాత్రి, తీసేటప్పుడు

9. ఒళ్లు ఎంత అలసినా ముందు చేతులు కడిగి ఆరబెట్టండి. లెన్స్ తీశాకే మేకప్ తుడవండి, ముఖం కడుక్కోండి.

10. లెన్స్‌ను అరచేతిలో పెట్టుకుని కొన్ని చుక్కల సొల్యూషన్ వేసి, చూపుడు వేలితో రెండు వైపులా కలిపి 20 సెకన్ల దాకా మెల్లగా రుద్దండి. "రుద్దనక్కర్లేదు" అని సీసా మీద రాసి ఉన్నా రుద్దండి. గిన్నెను నానబెట్టి వదిలేయడానికీ తోమడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

11. మళ్లీ సొల్యూషన్‌తో కడిగి, ఆరిన కేసులో కొత్త సొల్యూషన్ నిండుగా పోసి లెన్స్ మునిగేలా వేయండి. లేబుల్ మీద రాసినన్ని గంటలు తప్పక నానాలి. సాధారణంగా అది 4 నుంచి 6 గంటలు.

12. సీసా మూతి వేలికి గానీ కేసుకు గానీ తగలకూడదు. వెంటనే మూత పెట్టేయండి.

పదకొండో అంచెలో "కొత్త సొల్యూషన్" అన్న మాటను మళ్లీ చదవండి. నిన్నటిది తేటగానే ఉంది కదా అని, దానిమీద ఇంకొంచెం పోసి నింపేవాళ్లున్నారు. క్రిములను చంపే శక్తి నిన్న రాత్రే ఖర్చయిపోయింది. కొత్తదాన్ని దానికి కలిపితే కొత్తది కూడా పలచబడుతుంది. 2007లో అమెరికాలో లెన్స్ వాడేవాళ్లలో అకాంతమీబా ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఒక రకం సొల్యూషన్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు ఆరా తీస్తే, పాత సొల్యూషన్‌కు కొత్తది కలిపే అలవాటున్నవాళ్లలో ఈ జబ్బు ముప్పు ఎక్కువని కూడా బయటపడింది. నాలుగు చుక్కలు ఆదా చేసి కన్నును పణంగా పెట్టకండి.

మీ లెన్స్ రకాన్ని బట్టి మార్పులు

రోజూ పారేసేవి: నాకు అందరికంటే ముందు వీటినే సిఫార్సు చేయాలనిపిస్తుంది. సొల్యూషన్ లేదు, కేసు లేదు, కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. అయితే రాత్రి తీసి మరునాడు మళ్లీ పెట్టుకుంటే ఆ మేలంతా పోతుంది. అవి మళ్లీ శుభ్రం చేసి వాడడానికి తయారైనవి కావు.

నెలవారీవి: 30 రోజుల లెక్క ప్యాకెట్ విప్పిన రోజు నుంచి. "నేను పది రోజులే వాడాను, ఇంకా ఇరవై మిగిలాయి" అనే లెక్క చెల్లదు. ఎప్పుడో ఒకసారి పెళ్లికో ఫంక్షన్‌కో పెట్టుకునేవాళ్లకు రోజువారీవే సరైనవి.

గట్టి లెన్సులు: వీటిని కుళాయి కింద కడగడం చాలామందికి పాత అలవాటు. వీటికీ నీళ్లు వద్దు. వాటికి చెప్పిన సొల్యూషనే వాడాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం సొల్యూషన్: క్రిములను బాగా చంపుతుంది. మామూలు సొల్యూషన్ పడక కన్ను దురద పెట్టేవాళ్లకు కూడా మంచి దారి. కానీ ఇది నేరుగా కంట్లో పడితే భరించలేని మంట పుడుతుంది. దాంతోపాటు ఇచ్చే ప్రత్యేక కేసులోనే, రాసినన్ని గంటలూ ఉంచాలి. ఆ కేసులోని చక్రమో, వేసే బిళ్లో పెరాక్సైడ్‌ను విరిచి కంటికి హాని లేకుండా చేస్తుంది. మధ్యలో తీసి పెట్టుకోకూడదు, మామూలు కేసులో పోయకూడదు. ఇంట్లో ఇద్దరు లెన్స్ వాడుతుంటే రెండు రకాల సీసాలనూ వేర్వేరు చోట్ల పెట్టండి.

సెలైన్: ఇది ఉప్పునీరు మాత్రమే. కడగడానికి పనికొస్తుంది, క్రిములను చంపదు. రాత్రంతా సెలైన్‌లో నానబెడితే శుభ్రం చేసినట్టు కాదు. ఇంట్లో ఉప్పు కలిపి చేసుకునేది అసలే వద్దు. కాచి చల్లార్చిన నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా, కొన్న సీసా నీళ్లయినా లెన్స్‌కు మంచివి కావు.

రంగు లెన్సులు: పవర్ లేకపోయినా ఇవీ కంటిని తాకేవే. కొలత తీయించుకోకుండా కొన్నవి, స్నేహితులతో మార్చుకున్నవి పెట్టుకోవద్దు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఇలా తెలుసుకోండి

మార్కర్ పెన్ను ఇక్కడ పనికొస్తుంది. సొల్యూషన్ సీసా తెరిచిన రోజే దానిమీద తేదీ రాయండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది, చాలావాటికి అది మూడు నెలల లోపే. సగం మిగిలినా గడువు దాటితే పారేయాలి. కేసు అడుగున కూడా తేదీ రాయండి. ఇప్పుడే మీ కేసు తిప్పి చూడండి: ఎప్పుడు కొన్నారో చెప్పలేకపోతే దాన్ని ఈరోజే మార్చేయండి. ప్రయాణాలకని సొల్యూషన్‌ను చిన్న సీసాలోకి ఒంపుకోవద్దు, శుభ్రత అక్కడే పోతుంది. కంపెనీ సీల్‌తో వచ్చే చిన్న సీసా కొనుక్కోండి.

రోజూ సాయంత్రం అద్దం ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. కన్ను చూడడానికి బాగుందా? లోపల హాయిగా ఉందా? చూపు తేటగా ఉందా? మూడో ప్రశ్నకు ఒక్కో కన్నూ మూసి విడివిడిగా చూడాలి. రెండు కళ్లతో చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబొచ్చినా లెన్స్ తీసేయండి.

వారానికోసారి ఆరిన కేసును వెలుతురులో పెట్టి లోపలి గోడలు వేలితో తడమండి. జారుడుగా అనిపించినా, మరక కనిపించినా, వాసన వచ్చినా ఆ కేసు పని అయిపోయినట్టే. ఉదయం మూత తీసినప్పుడు సొల్యూషన్ మసకగా ఉంటే ఆ లెన్స్ పెట్టుకోకండి.

కన్ను ఎర్రబడితే

ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసులు కట్టడం, ఏదో పడినట్టు గరగరలాడడం. వీటిలో ఏదైనా సరే:

1. వెంటనే లెన్స్ తీయండి. రెండో కంటిది కూడా.
2. లెన్స్‌ను పారేయకండి. కేసులోనే పెట్టి, కేసును, సొల్యూషన్ సీసాను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏ క్రిమి చేరిందో వాటిని పరీక్షించి తెలుసుకునే వీలుంటుంది.
3. లెన్స్ తీశాక కూడా నొప్పి, ఎరుపు, మసక తగ్గకపోతే ఆ రోజే కంటి డాక్టర్‌ను కలవండి. రేపటి దాకా ఆగొద్దు.
4. ఇంట్లో మిగిలిన చుక్కలు, పక్కవాళ్లకు పనిచేసిన చుక్కలు వేయొద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్నవి. అవి ఎరుపు తగ్గించి, లోపలి ఇన్ఫెక్షన్‌ను ముదరబెడతాయి.
5. కంటికి కట్టు కట్టొద్దు. వెచ్చగా, మూసి ఉన్న చోట క్రిములు ఇంకా పెరుగుతాయి.
6. డాక్టర్‌కు "లెన్స్ వాడతాను" అని మొదటి మాటగా చెప్పండి. ఈత, స్నానం, నిద్ర, కుళాయి నీళ్లు, ఏది జరిగినా దాచకండి. తిడతారేమోనని చాలామంది ఈ వివరాలు చెప్పరు. అకాంతమీబా మొదట్లో వేరే జబ్బులా కనిపించవచ్చు, కాబట్టి "లెన్స్‌తో ఈత కొట్టాను" అన్న ఒక్క వాక్యం సరైన పరీక్షకు దారి చూపుతుంది. కన్ను పైకి కనిపిస్తున్నదానికి మించి నొప్పి ఉంటే ఆ మాట కూడా తప్పక చెప్పండి.

చికిత్స నడిచినన్నాళ్లూ అద్దాలే. ఎరుపు పోయిందని మీరే నిర్ణయించుకుని లెన్స్ మొదలుపెట్టకండి, కార్నియా మానిందో లేదో డాక్టర్ యంత్రంలో చూస్తేనే తెలుస్తుంది. ఆయన సరేనన్నాక పాత లెన్స్, పాత కేసు, తెరిచిన సీసా, అప్పటి మస్కారా అన్నీ పారేసి, కొత్తవాటి మీద ఆనాటి తేదీ రాసి మొదలుపెట్టండి.